బండ వాడకొచ్చింది, జాగ్రత్త ఊళ్లోనే ఆగింది

(దళితవాడ మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట గ్యాస్ పొయ్యి గురించి మాట్లాడతాం అనగానే వెనక వరసలో కుర్రాళ్లు కొందరు నవ్వారు. భూమి గురించి, అట్రాసిటీ కేసుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈ వంటింటి గోల ఏంది సార్ అని ఒకబ్బాయి అడిగాడు కూడా. అడగడం మంచిదే. జవాబుతోనే మొదలుపెడతాం. మన ఇళ్లల్లో వంటిల్లు అని వేరే గది ఎంతమందికి ఉంది? కాలనీ ఇల్లంటే ఒక గది, ముందు చిన్న వసారా. ఆ ఒక్క గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే మంచం, పిల్లల పుస్తకాల సంచి, దండెం మీద బట్టలు. పట్టా కాగితం, కులం సర్టిఫికెట్టు, టెన్త్ మార్కుల లిస్టు దాచిన ట్రంకుపెట్టె కూడా ఆ గదిలోనే. ఆ గదికి నిప్పంటుకుంటే కాలేది వంటిల్లు కాదు, మన బతుకు మొత్తం. అందుకని ఇది ఆడవాళ్ల ముచ్చట అనుకుని ఎవరూ లేచి పోవద్దు. పైగా చాలా ఇళ్లల్లో ఖాళీ బండ తీసి కొత్త బండకు రెగ్యులేటర్ బిగించేది ఈ నవ్విన కుర్రాళ్లే.

మేం నలుగురైదుగురు టీచర్లం, మాతోపాటు చదువుకున్న పిల్లలు కొందరు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. కట్టెల పొయ్యి ముందు కూచుని ఊదుతూ, ఆ వెలుగులోనే అక్షరాలు దిద్దినవాళ్లం. అందుకని గ్యాస్ సంగతి చెప్పేముందు కట్టె సంగతి చెప్పక తప్పదు.

ఊళ్లో వాళ్లకు కట్టెల పొయ్యి అంటే పొగ. మనకు పొగ ఒక్కటే కాదు. అసలు కట్టె ఎక్కడిది? మనకు చేను లేదు, చేనికి గట్టు లేదు, గట్టు మీద తుమ్మచెట్టు లేదు. పత్తి ఏరడం అయిపోయిన చేలో పత్తికట్టె పీక్కోవాలన్నా ఆసామి ఊఁ అనాలి. ఆ ఊఁ కోసం మన తల్లులు ఆయన పశువుల కొట్టంలో ఒక పూట పేడకళ్లు ఎత్తారు. ఆయన అనకపోతే దారిలో మోపు గుంజుకోవడం, కొడవలి లాక్కోవడం, నోటికొచ్చిన కులం తిట్టు. నీళ్ల దగ్గర మనవాళ్లకు ఏం జరిగిందో దేశానికంతా తెలుసు. 1927లో మహద్ చెరువు దగ్గరికి అంబేడ్కర్ మనుషుల్ని నడిపించింది నీళ్ల కోసం. 1985లో కారంచేడు కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. కట్టెల మోపు దగ్గర జరిగిన అవమానాలు మాత్రం కేసుల దాకా రాలేదు, పేపర్ల దాకా రాలేదు. ఇక్కడున్న పెద్దమ్మల్ని అడగండి, ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు.

అదీ గ్యాస్ బండ విలువ. మన ఆడకూతురు ఎవడి గట్టు మీదికీ పోకుండా పొయ్యి వెలిగించుకోగలదు. పట్నాల వంటిళ్లకు 1960ల్లోనే వచ్చిన ఈ వసతి మన వాడల్లోకి అడుగుపెట్టింది 1999లో దీపం పథకం పెట్టి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు కనెక్షన్లు ఇచ్చాకే. తర్వాత 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో తెలంగాణలో అయిదొందలకు బండ అన్నారు, ఆంధ్రలో దీపం-2 అని ఏడాదికి మూడు బండలు ఉచితం అన్నారు. దయ చేశారని మేం అనం. మన ఓటుకు భయపడి ఇచ్చినా సరే, మన హక్కు మన ఇంటికొచ్చింది అనుకుందాం. కాని ఆ బండతోపాటు రావాల్సింది ఇంకొకటి ఉంది. దాన్ని ఎట్లా వాడాలో ఇంటికొచ్చి చూపించడం, ట్యూబు చూడటం, లీకు చూడటం. అది మాత్రం వాడ దాకా రాలేదు. ఊరి సెంటర్లోనే దిగిపోయింది.

ఎట్లా దిగిపోయిందో మీకు తెలుసు. బండల ఆటో సెంటర్ దాకా వస్తది. ఊళ్లో ఇళ్లకైతే పనివాడు బండ భుజాన పెట్టుకుని లోపలికి పోయి, పాతది తీసి, కొత్తది బిగించి, వెలిగించి చూపించి వస్తాడు. మన వాడకు రాడు. బాట బాగాలేదంటాడు, టైం లేదంటాడు. మేం పోయిన వాడల్లో ఎక్కువ చోట్ల ఇదే తంతు. ఫోన్ చేసి పిలుస్తారు, ఆడవాళ్లు పోయి తెచ్చుకోవాలి. నిండు బండ అంటే గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము ఇంకో పదిహేను పదహారు కిలోలు. ముప్ఫై కిలోలు నెత్తిన పెట్టుకోలేక రోడ్డు మీద దొర్లించుకుంటూ వస్తారు. రాళ్ల మీద బండ దొర్లితే దెబ్బ ఎక్కడ తగులుతుంది? పైన మూతికి. గ్యాస్‌ను ఆపి ఉంచేది ఆ మూతిలో ఉండే చిన్న పిన్ను, ఒక రబ్బరు వాషరు. అవి దెబ్బతిన్న బండ మన ఇంట్లోకి వస్తది. అప్పుడు ప్రమాదం జరిగితే పేపర్లో ఏం రాస్తారు? "అజాగ్రత్త వల్ల" అని రాస్తారు. ఎవరి అజాగ్రత్త?

ఒక వాడలో అక్కలు ఒక పని చేశారు. పెద్ద పోరాటమేం కాదు. ఇప్పుడు బండ బుక్ చేస్తే ఫోన్‌కు అంకెల కోడు వస్తది కదా, అది చెబితేనే పనివాడికి లెక్క తెగుతుంది. ఆ అక్కలంతా ఒక మాట అనుకున్నారు. బండ మా గడపలో దిగి, లీకు చూశాకే కోడు చెబుతాం అన్నారు. మొదటిసారి ఆటో వెనక్కి పోయింది. రెండోసారి కూడా పోయింది. ఆ పది రోజులు కొన్ని ఇళ్లల్లో కంప పొయ్యి మీదే వండారు. మూడోసారి వాడలోకి వచ్చింది. ఇప్పుడు వస్తూనే ఉంది. ఆ పనివాడి మీద కోపం పెట్టుకోమని మేం చెప్పడం లేదు. అతనూ బండకింత అని కూలికి మోసేవాడే, చాలా చోట్ల మన పిల్లలే ఆ పని చేస్తున్నారు. అడగాల్సింది ఏజెన్సీని.

ఇక అసలు విషయానికొస్తాం. ఒక ముసలమ్మ మాతో అన్నది, "నాయనా, ఇంట్లో బాంబు పెట్టుకుని నిద్రపోమంటారా" అని. ఆ భయంతోనే ఆమె బండను మూలకు నెట్టి కట్టెలకు పోతోంది. బండ బాంబు కాదమ్మా. బండంతట బండ పేలడం అరుదు. జరిగేదేమంటే, గ్యాస్ ముందు కారుతుంది, గదిలో నిండుతుంది, ఎక్కడో నిప్పు తగులుతుంది. కారడానికీ అంటుకోవడానికీ మధ్యలో మనకు దాదాపు ఎప్పుడూ కొంత వ్యవధి ఉంటది. ఆ వ్యవధిలో ఏం చెయ్యాలో తెలిసిన ఇల్లు బతుకుతుంది.

బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులు కలిపింది. ఒత్తిడి పెట్టి నొక్కితే నీళ్లలాగా అవుతుంది. బండను కదిపితే లోపల గలగలమనేది అదే. ఆ నీళ్లు ఒక గ్లాసుడు బయటికొస్తే దాదాపు రెండొందల యాభై గ్లాసుల గ్యాస్ అవుతుంది. అందుకే బండ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. గ్యాస్ అయిపోవస్తుంటే బండను పడుకోబెట్టడం, తిరగెయ్యడం, వేడినీళ్లలో పెట్టడం మేం చాలా ఇళ్లల్లో చూశాం. బండకు నాలుగు రూకలు పెట్టినవాళ్లకు చివరి చుక్క కూడా వాడుకోవాలనే ఉంటది, ఆ బాధ మాకు తెలుసు. కాని పడుకోబెడితే గ్యాస్ బదులు ఆ ద్రవమే రెగ్యులేటర్లోకి, ట్యూబులోకి వస్తది. మంట ఒక్కసారిగా మనిషెత్తు లేస్తది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఈ గ్యాస్ గాలి కంటే బరువు. ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు. నీళ్లు పల్లానికి పారినట్టు నేల మీద పాకుతుంది, మంచం కింద చేరుతుంది, గుంటలో నిలుస్తది. ఎంత దూరం పాకుతుందో తెలుసుకోవాలంటే విశాఖపట్నం సంగతి చెప్పుకోవాలి. 1997 సెప్టెంబర్ 14 పొద్దున్నే అక్కడ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఈ వంట గ్యాసే కారింది. మబ్బులాగా నేల మీద పరుచుకుని తర్వాత అంటుకుంది. అరవై మంది దాకా చనిపోయారు. అక్కడ కారింది పెద్ద ట్యాంకుల గ్యాస్, మన ఇంట్లో కారేది ఒక బండ గ్యాస్. స్వభావం మాత్రం ఒకటే. వంద పాళ్ల గాలిలో రెండు పాళ్లు కలిస్తే చాలు, అంటుకోవడానికి సరిపోతుంది.

అందుకనే గోడ మీద ఎత్తున ఉన్న కిటికీ ఒక్కటీ తెరిస్తే గ్యాస్ పోదు. తలుపు బార్లా తీయాలి. పొయ్యి ఉన్న మూల గోడకు అడుగున ఒకటి రెండు ఇటుకలు తీసి, ఎలుకా పామూ రాకుండా ఇనుప జాలీ కొట్టుకుంటే ఇంకా మంచిది. కాలనీ ఇళ్లు కట్టిన ఇంజనీర్లకు ఈ ఆలోచన రాలేదు. మనం చేసుకోవచ్చు, పూట పని.

వాసన సంగతి కూడా ఒక మాట. అసలు గ్యాస్‌కు వాసన లేదు. మనకు తెలియాలనే కుళ్లు వాసన కొట్టే మెర్‌కాప్టన్ అనే మందు కలుపుతారు. అమెరికాలో టెక్సస్ అనే రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి బడిలో 1937లో వాసన లేని గ్యాస్ తరగతి గదుల కింద నిండి పేలింది. మూడొందల మందికి దగ్గరగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే వాసన కలపడం చట్టంగా వచ్చింది. బడిపంతుళ్లం కాబట్టి మాకు ఈ సంగతి మరపుకు రాదు. ఆ పిల్లల చావు మీద వచ్చిన వాసన అది. "ఏదో కంపు కొడుతుందిలే" అని మాత్రం తీసెయ్యొద్దు.

ఇప్పుడు ఏజెన్సీ గోడ మీద వేలాడే బొమ్మ గుర్తు తెచ్చుకోండి. తెల్లగా నవ్వుతున్న ఒకావిడ, నల్లరాతి గట్టు, గట్టు మీద పొయ్యి, గట్టు కింద బండ, పక్కన పెద్ద కిటికీ. జాగ్రత్తలన్నీ ఆ ఇంటికే రాశారు. మన ఇంట్లో పొయ్యి నేల మీద, పక్కనే బండ, జానెడు దూరంలో కట్టెల పొయ్యి, పైన గూట్లో దీపం. పొయ్యి బండ కంటే ఎత్తులో ఉండాలి అనేది మొదటి నియమం. కింద కారిన గ్యాస్‌కు మంట అందకూడదు, అదీ దాని అర్థం. మరి గట్టు ఎక్కడి నుంచి తేవాలి? మేం అడుగుతాం, ఈ ఊళ్లో ప్రతి వంటింట్లో గట్టు కట్టింది ఎవరు? మన తాపీ మేస్త్రులు, మన ఆడకూలీలు మోసిన ఇసుక. పదిమంది ఇళ్లల్లో గట్లు కట్టిన చేతులు తమ ఇంట్లో రెండు వరసల ఇటుకలు నిలబెట్టి ఒక నాపరాయి పరవలేవా? ఒక ఆదివారం నలుగురు మేస్త్రులు కూడితే వీధి వీధంతా అయిపోతది. బండ నిలబెడితే ఎంతెత్తు ఉంటుందో దానికంటే గట్టు ఎత్తు ఉంటే చాలు. బండను గట్టు పక్కన పెట్టండి, గాలాడేట్టు. గుంట తవ్వి దించొద్దు, చెక్క అలమారలో మూసిపెట్టొద్దు.

కట్టెల పొయ్యి తీసేయమని మేం అనం. నీళ్లు కాచుకోవడానికి, పండక్కి పెద్ద వంటకు అది కావాలి. దాన్ని వసారాలోకో పెరట్లోకో మార్చండి. ఒకే గదిలో రెండు నిప్పులు ఉండకూడదు.

ట్యూబుల సంగతి చూసి మాకే గుండె గుభేలుమంది. నారింజ రంగులో, లోపల ఇనుప తీగ అల్లిక ఉన్న ట్యూబే వాడాలి. దాని మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన సంవత్సరం అచ్చుకొట్టి ఉంటాయి. అయిదేళ్లకు మార్చాలి. కొన్ని ఇళ్లల్లో కనెక్షన్ ఇచ్చిన నాటి ట్యూబే ఉంది. పగిలిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దారంతో బిగించారు. ఒకచోట ఎలుక కొరికితే టేపు వేశారు. తిరణాలలో కొన్న పచ్చ ట్యూబు ఒకచోట. మన మెకానిక్ తెలివి సైకిల్‌కు పనికొస్తది, గ్యాస్‌కు పనికిరాదు. ట్యూబు మీద గుడ్డ చుట్టొద్దు, చుడితే పగులు కనపడదు. మసి, నూనె జిడ్డు ఉంటే ఎలుక వస్తది, తడిగుడ్డతో తుడవండి. ఈ మధ్య సంవత్సరాల్లో చమురు కంపెనీలు బండ ఇచ్చేటప్పుడే ఉచితంగా పొయ్యి, ట్యూబు తనిఖీ చేసే కార్యక్రమం పెట్టాయి, ట్యూబు తగ్గింపు ధరకు ఇచ్చాయి. ఊళ్లో ఇళ్లకు ఆ తనిఖీ జరిగి మనకు జరగకపోతే ఎందుకు జరగలేదో కాగితం మీద రాసి అడగాలి.

బండ గడపలోకి వచ్చినప్పుడు అయిదు నిమిషాలు పట్టే పని ఉంది. సీలు చూడండి. బండ ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటది, దానికి 14.2 కలిపి తూకం వేయమనండి. పైన పట్టుకునే రింగు కింద ఇనుప పట్టీల లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి ఆఖరు, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. సి-29 అని ఉంటే 2029 సెప్టెంబరు లోపల ఆ బండను మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. ఆ తేదీ దాటిన బండ ఇస్తే తీసుకోవద్దు. అక్షరం రాని అమ్మలు ఇంట్లో అయిదో తరగతి పిల్లను పిలిచి చదివించండి, ఆ పిల్లకూ చదువు దేనికో తెలుస్తది. తర్వాత మూత తీయించి, మూతి మీద రెండు చుక్కల నీళ్లు పోయించండి. బుడగ లేస్తే మూతి దగ్గర కారుతున్నట్టే. ఆ మూతను దారంతో సహా ఉంచుకోండి. చాలామంది దారం తెంపి మూత పిల్లలకు ఆడుకోవడానికి ఇస్తున్నారు. గ్యాస్ కారే రోజు రెగ్యులేటర్ తీసి ఆ మూత నొక్కితేనే కారడం ఆగుతుంది. బిల్లులో రాసిన అంకె కంటే పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

వాడేటప్పుడు ముందు అగ్గిపుల్ల గియ్యండి, తర్వాత మర తిప్పండి. మర తిప్పి అగ్గిపెట్టె కోసం వెతికితే అప్పటికే గ్యాస్ చేరుతుంది. పాలు పొంగి మంట ఆరితే గ్యాస్ ఆగదు, వస్తూనే ఉంటది. నైలాన్ చీర ఒంటికి కరుచుకుపోతుంది, నూలు చీరకు కొంగు దోపుకుని వండండి. మంట నీలంగా ఉండాలి, పచ్చగా మండి గిన్నె మసిబారితే బర్నరు బెజ్జాలు పూడినట్టు. పడుకునే ముందు రెగ్యులేటర్ దగ్గరే కట్టెయ్యండి, పొయ్యి మర ఒక్కటీ కట్టేస్తే చాలదు. లీకు ఉందేమో చూడటానికి సబ్బునీళ్లు, కుంకుడు నురగ ఏదైనా సరే ట్యూబు రెండు కొసల్లో, రెగ్యులేటర్ చుట్టూ రాయండి. బుడగ వస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసే మొనగాళ్లున్నారు. వాళ్లకు మేం చెప్పేదేం లేదు, వాళ్ల ఇంట్లో ఆడవాళ్లకే చెబుతున్నాం, ఆ అగ్గిపెట్టె దాచిపెట్టండి.

సరే, రాత్రిపూట వాసన వచ్చింది. అప్పుడేంది? చీకట్లో చెయ్యి ఎక్కడికి పోతది? స్విచ్చి మీదికి. అదే వద్దు. లైటు వెయ్యొద్దు, వెలుగుతుంటే ఆర్పొద్దు, ఫ్యాను ముట్టొద్దు. స్విచ్చిలో లేచే చిన్న రవ్వ చాలు. ఇంట్లో ఫోన్ కూడా వాడొద్దు. గూట్లో దీపం, దోమల బత్తీ ఉంటే ఆర్పండి. తలుపులు కిటికీలు తీసి, పొయ్యి మర, రెగ్యులేటర్ కట్టేసి, రెగ్యులేటర్ ఊడదీసి మూత బిగించి, పిల్లల్ని, ముసలివాళ్లను తీసుకుని బయటికి రండి. వాసన మరీ ఘాటుగా ఉంటే బండ జోలికి పోకుండా ముందు మనుషుల్నే బయటికి తెండి. బయటికొచ్చాక దూరంగా నిలబడి 1906కు ఫోన్ చెయ్యండి. అది గ్యాస్ లీకుల కోసం రాత్రింబగళ్లు పనిచేసే నంబరు. ఈ నంబరు బొగ్గుతోనైనా సరే గోడ మీద రాసుకోండి, తలుపు బయటివైపు.

మంటే లేచిందనుకోండి. చిన్న మంట, చెయ్యి అందుతుంది అనుకుంటే తడిపిన గోనెపట్టా చేతికి చుట్టుకుని రెగ్యులేటర్ కట్టేయండి. అందదంటే వదిలేసి బయటికి, 101కి ఫోను. చీర అంటుకుంటే పరుగెత్తొద్దు, పరుగెడితే మంట పెరుగుతుంది. కింద పడి దొర్లాలి, లేదా దుప్పటి కప్పాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. సిరా, పళ్ల పేస్టు, పసుపు, మట్టి ఏదీ పూయొద్దు. ఒంటికి అంటుకుపోయిన గుడ్డ పీకొద్దు. శుభ్రమైన నూలుగుడ్డ కప్పి 108 పిలవండి.

ఈ సందర్భంలోనే ఇంకో మాట చెప్పి తీరాలి. "స్టౌ పేలి కోడలు మృతి" అని కిరోసిన్ స్టౌల కాలం నుంచి పేపర్లలో చదువుతున్నాం. అత్త చీరకు అంటని నిప్పు, మొగుడి లుంగీకి అంటని నిప్పు కోడలికే ఎందుకు అంటుతుందో పోలీసులు అడిగిన కేసులు కొన్ని, అడగని కేసులు ఎన్నో. బండ ఎట్లా కారుతుందో, ఎట్లా అంటుకుంటుందో తెలిసిన వాడలో ఈ అబద్ధం చెల్లదు. గదిలో గ్యాస్ అంటుకుంటే గది మొత్తం చెబుతుంది. ట్యూబు చూడండి, రెగ్యులేటర్ చూడండి, పంచాయతీ పెద్దల కంటే ముందు మీరు చూడండి.

ఇప్పుడు కాగితాల సంగతి. మనకు చాలామందికి తెలియని విషయం, మన పేరున కనెక్షన్ ఉంటే గ్యాస్ ప్రమాదానికి బీమా ఉంది. ప్రీమియం మనం కట్టేది కాదు, చమురు కంపెనీలు కడతాయి. మనిషి చనిపోతే 6 లక్షలు. వైద్యం ఖర్చు మనిషికి 2 లక్షల దాకా, ఒక ప్రమాదం మొత్తానికి 30 లక్షల దాకా. ఇల్లు, సామాను కాలితే 2 లక్షల దాకా, అదీ కనెక్షన్ రిజిస్టరైన ఇంట్లోనే జరిగితే. ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి, తెలిపినట్టు నకలు మీద సంతకం తీసుకోవాలి. పోలీసు రిపోర్టు, ఆస్పత్రి బిల్లులు దాచాలి.

మేం ఎరిగిన ఒక వాడలో ఒకామె ఇల్లు కాలింది. చేతులు, మెడ కాలాయి. బతికింది. రెండు నెలలు పెద్దాస్పత్రిలో ఉంది, మొగుడు కూలి మానుకుని పక్కన కూచున్నాడు. మేం ఏజెన్సీకి పోతే రిజిస్టరు కూడా తెరవలేదు. బండ ఆమె పేరున లేదు. టీ కొట్టువాడి దగ్గర రెండొందలు ఎక్కువ ఇచ్చి కొన్న బండ. ఆమె పేరున కనెక్షన్ ఎందుకు లేదు? దరఖాస్తు పెట్టింది. రేషన్ కార్డులో అత్త పేరు కింద ఉందని ఒకసారి, ఆధార్‌లో వేరే ఊరు ఉందని ఒకసారి తిప్పారు. మూడుసార్లు తిరిగితే మూడు కూలీలు పోయాయి, నాలుగోసారి పోలేదు. మాకు ఆమె మీద కోపం లేదు. ఆమె మెడ మీద ఆ మచ్చ చూసినప్పుడల్లా ఆ మూసిన రిజిస్టరే కనపడుతుంది.

కాబట్టి మీ గ్యాస్ పుస్తకం తీసి పేరు చూసుకోండి. అత్తగారి పేరున ఉండి ఆమె కాలం చేసి ఉంటే వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఇల్లు మారితే చిరునామా మార్పించాలి. పుస్తకం ఒకరిది, బండ ఒకరిది అయితే, ఐఎస్ఐ గుర్తు లేని ట్యూబు వాడితే, కొర్రీ వెయ్యడానికి వాళ్లకు దారి ఇచ్చినట్టే.

హైదరాబాదుకో, చెన్నైకో పనికి పోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రోడ్డు పక్క పెద్ద బండ లోంచి చిన్న బండలోకి పైపు పెట్టి నింపి అమ్ముతారు. ఆ చిన్న బండకు పరీక్ష లేదు, తేదీ లేదు, ఆ నింపడమే నేరం. రేకుల షెడ్డులో పదిమంది పడుకున్న చోట దాన్ని వెలిగిస్తున్నారు. కంపెనీలే అమ్మే 5 కిలోల బండ ఉంది, చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఒకటి చూపిస్తే ఇస్తారు. ఉజ్వల రెండో విడతలో, 2021లో, వలసపోయినవాళ్లు చిరునామాకు తామే రాసిచ్చుకున్న కాగితం చాలన్నారు. మేస్త్రీ పని ఇప్పిస్తాడు గాని ఇవి చెప్పడు.

మాట్లాడింది చాలు. చెంబులో సబ్బునీళ్లు కలిపి తెచ్చాం, పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని ఉన్నారు. చెరువు కట్ట వైపు చివరి వరస ఇళ్ల నుంచి మొదలుపెడదాం. ప్రతి ఇంట్లో ట్యూబు మీద ఏ సంవత్సరం ఉంది, బండ మీద ఏ అక్షరం ఉంది, పుస్తకం ఎవరి పేరున ఉంది, ఈ మూడూ రాసుకుంటారు. పుస్తకం లేనివాళ్లు, పేరు మార్చుకోవాల్సినవాళ్లు ఆధార్, రేషన్ కార్డు తీసి పెట్టుకోండి. సోమవారం పొద్దున అందరం కలిసే ఏజెన్సీకి పోతాం. ఒక్కొక్కరుగా తిరిగితే ఒక్కొక్క కూలి పోతది, అందరం ఒకేరోజు పోతే ఒక్క కూలితో తేలుతుంది. బస్సు ఎనిమిదింటికి.